పెళ్లి ఖర్చులకు ఒకే ఖాతా, ఒకే పుస్తకం

ప్రశ్న: మాది గాజువాక. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. 12 లక్షల్లో చేద్దామనుకున్నాం. మావారు, అబ్బాయి, మా తమ్ముడు తలో చోట అడ్వాన్సులు ఇస్తున్నారు. ఇప్పటికి ఎంత ఇచ్చామో లెక్క తేలడం లేదు. డబ్బు చాలదేమోనని టెన్షన్‌గా ఉంది. 7 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏప్రిల్‌లో గానీ చేతికి రాదు. పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, లోన్ మాట కాసేపు పక్కన పెట్టండి. డబ్బు చాలదని ఇంకా తేలలేదు కదా! ముందు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చుకోండి.

ఈ ఆదివారం అందరూ ఒకచోట కూర్చుని ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీలు తెరవండి. రసీదులన్నీ ముందేసుకోండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఒక్కో పనికి ఒక్కో పేజీ కేటాయించండి. మాట్లాడుకున్న మొత్తం, ఇచ్చిన అడ్వాన్స్, ఎవరి చేత్తో ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి, ఎప్పటికివ్వాలి అన్నవి రాయండి. ఇచ్చింది అందరూ రాసుకుంటారు, ఇవ్వాల్సింది రాయరు. పెళ్లి ముందు వారం ఊపిరాడనివ్వనిది అదే.

ఫంక్షన్ హాలు పేజీలో అద్దె ఒక్కటే రాసి ఊరుకోకండి. కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్, విడిది గదులు అందులోనేనా, విడిగానా అడగండి. భోజనాల దగ్గర మరీ జాగ్రత్త. ప్లేటు 450 చొప్పున 600 మందికి 2,70,000 అవుతుంది. మరో వంద విస్తళ్లు లేస్తే ఇంకో 45 వేలు. ఎన్ని ప్లేట్లో ఏ రోజులోగా చెప్పాలి, ఎక్కువైతే ఏ రేటు అన్నది ముందే రాయించుకోండి.

ఇకపై ప్రతి రూపాయీ ఒకే సేవింగ్స్ ఖాతా నుంచి వెళ్లాలి. తమ్ముడు ఇవ్వదలచుకున్నా అందులో వేయమనండి. కేటరింగ్ వాళ్లకో, హాలు వాళ్లకో మొత్తం నగదుగా ఇద్దామనుకోవద్దు. ఒకే కార్యానికి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. విడతలుగా ఇచ్చినా అంతే.

బంగారం కురుపాం మార్కెట్‌లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా బిల్లులో బరువు, తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ విడివిడిగా ఉండాలి. నగ మీద హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) చూసుకోండి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. అమ్మాయికి పెట్టే నగలు, సామాను, వాటి విలువ, ఎవరు ఇచ్చారన్నది రాసి వధూవరులిద్దరితో సంతకం చేయించండి. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలే ఈ జాబితా ఉండాలంటాయి. చాలామంది పట్టించుకోరు. మీరు మాత్రం వదలొద్దు, ఇది మీ అమ్మాయి ఆస్తి లెక్క.

చదివింపులు ఇంత వస్తాయని అంచనా వేసి ఖర్చు పెంచకండి. అవి చేతికొచ్చేసరికి పెళ్లి అయిపోతుంది, కేటరింగ్ వాళ్లు మాత్రం ముందే అడుగుతారు.

పుస్తకం పూర్తయ్యాక కూడా తక్కువ పడితే, డిపాజిట్ మీదే బ్యాంకులో అప్పు అడగండి. వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది, పర్సనల్ లోన్ కంటే చాలా నయం. డిపాజిట్ మధ్యలో విరిచి వడ్డీ పోగొట్టుకోనక్కర్లేదు. ఏప్రిల్‌లో గడువు తీరగానే అందులోంచే అప్పు తీర్చేయొచ్చు. తక్కువ పడినంతే తీసుకోండి.