జయపురంలో కెమెరా పట్టిన మేనల్లుడికి

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత కెనాన్ 600డి, దాంతోపాటు 135 ఎంఎం లెన్సు కొన్నావని అక్క చెప్పింది. నెబ్యులాలు (ఆకాశంలోని వాయుమేఘాలు), గెలాక్సీలు, తారాగుచ్ఛాలు తీయడం మొదలుపెట్టడానికి అవి చాలురా. టెలిస్కోపు ఊసు ఇప్పుడే ఎత్తకు. చేతిలో మిగిలిన డబ్బు మంచి స్టార్ ట్రాకర్ (భూమి తిరుగుడుకు సరిపడా కెమెరాను తిప్పే యంత్రం) మీద, బరువైన ట్రైపాడ్ మీద పెట్టు. ఈ పనిలో లెన్సు నాసిరకంగా ఉన్నా బొమ్మ వస్తుంది, కాళ్లు కదిలితే మాత్రం రాదు.

ఎందుకో లెక్క చూడు. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించు. ఒక పిక్సెల్ ఆకాశంలో ఎన్ని ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) చూస్తుందో వస్తుంది. నీ కెమెరా పిక్సెల్ 4.3 మైక్రాన్లు కాబట్టి 135 ఎంఎంకి సుమారు 6.5 ఆర్క్ సెకన్లు. భూమి తిరగడం వల్ల ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గరి నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. అంటే ట్రాకర్ లేకపోతే ఒక్క సెకనులోనే రెండు పిక్సెళ్లు దాటిపోతుంది. 50 ఎంఎం లెన్సుతో రెండు మూడు సెకన్లు గడుస్తాయి, అంతకు మించి కుదరదు.

ట్రాకర్ కొన్నాక అసలు పని ధ్రువం పట్టడం, అంటే అది తిరిగే అక్షాన్ని ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం. ఒడిశాలోని మన జయపురం అక్షాంశం 19 డిగ్రీలకు కాస్త తక్కువ. ధ్రువ నక్షత్రం కూడా మీకు అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లు కూడా నిండని ఎత్తు. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పేవాళ్లు ఎక్కువగా 40, 50 డిగ్రీల అక్షాంశాలవాళ్లు, వాళ్లకు ఈ బాధ తెలియదు. మన వైపు ఉత్తరాన ఒక చిన్న గుట్ట, నాలుగు మామిడిచెట్లు ఉన్నా ధ్రువం కనపడదు. అందుకని చోటు వెతికేటప్పుడు పగలే వెళ్లి, ఉత్తరానికి తిరిగి, పిడికిలి ఒకటిన్నర ఎత్తు నుంచి పైకి ఆకాశం ఖాళీగా ఉందో లేదో చూసుకో. నవంబరు సాయంత్రాల్లో సప్తర్షులు కొండల చాటునే ఉంటారు. ఉత్తరాన పైన శర్మిష్ఠ (కాసియోపియా) తారామండలం కనిపిస్తుంది, దాన్ని బట్టి కిందికి వెతుకు.

ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, అర డిగ్రీకి పైనే పక్కకు ఉంది. ట్రాకర్ అక్షం వెంట చూపే చిన్న దుర్భిణి, అంటే పోలార్ స్కోపులో గీసిన వలయం మీద ఏ గంట దిక్కున పెట్టాలో ఫోన్ యాప్ చెబుతుంది, అక్కడే పెట్టు. నేరుగా నక్షత్రాన్నే నడిమధ్యన పెట్టేస్తే నిమిషానికి 10 ఆర్క్ సెకన్ల దాకా జారుతుంది. 135 ఎంఎంలో అది పిక్సెలున్నర. ఒక నిమిషం ఫ్రేములో కోడిగుడ్డు ఆకారం తెలుస్తుంది, రెండు నిమిషాలకు గీతలే.

మబ్బో చెట్టో అడ్డమై ధ్రువం దొరకకపోతే దిక్సూచితో మొదలుపెట్టు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. బండికి, ఇనప సామానుకు దూరంగా నిలబడి చూడాలి. ఆ తర్వాత డ్రిఫ్ట్ పద్ధతి, అంటే నక్షత్రం ఎటు జారుతుందో చూసి అక్షాన్ని సరిచేయడం. దక్షిణాన, నడినెత్తి గీత (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి వెళ్లే గీత) దగ్గర, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పెద్దది చేసి చూస్తూ ఉండు. అది దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువ తిరిగిందని అర్థం, పడమరకు జరుపు. ఉత్తరానికి జారితే దానికి తిరగవెయ్యి. తర్వాత తూర్పున కింద ఉన్న నక్షత్రాన్ని తీసుకో. దక్షిణానికి జారితే అక్షం పల్లంగా ఉంది, లేపు. ఉత్తరానికి జారితే దించు. ఈ రెండూ మార్చి మార్చి చేస్తే అరగంటలో కుదురుతుంది.

రేపు పెద్ద ఈక్వటోరియల్ మౌంట్ (ట్రాకర్ లాంటిదే, టెలిస్కోపును మోసే పీఠం) కొన్నా ఇదే అక్షాంశం ఇంకో చిక్కు పెడుతుంది. అక్షం దాదాపు పడుకుని ఉండటం వల్ల ఎదురుబరువు కడ్డీ ట్రైపాడ్ ఉత్తరపు కాలికి తగిలే ప్రమాదం ఉంది. ట్రైపాడ్ తల ఒప్పుకుంటే, ఉత్తరానికి రెండు కాళ్ల మధ్య సందు వచ్చేలా నిలబెట్టు. మౌంట్ కొనేముందు అది ఎన్ని డిగ్రీల వరకు దిగుతుందో తప్పకుండా అడుగు.

కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, అక్టోబరులో తుఫాను మబ్బులు. మార్చి, ఏప్రిల్‌లో పోడు మంటల పొగ కొండల మీద కమ్ముకుంటుంది, దక్షిణాన కింద ఉండేవన్నీ ఎర్రగా మాసిపోతాయి. మనకు మిగిలేది నవంబరు నుంచి ఫిబ్రవరి. దీపావళి అమావాస్య వదిలెయ్, ఆ పొగ తగ్గేదాకా ఆగు. కార్తీక, మార్గశిర, పుష్య అమావాస్యలు గుర్తు పెట్టుకో. బహుళ ఏకాదశి నుంచి శుద్ధ తదియ వరకు దాదాపు రాత్రంతా చీకటే, ఇంట్లో ఉన్న పంచాంగం చాలు. మరో సౌకర్యం ఉంది. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, జయపురం దాదాపు ఆ రేఖ మీదే ఉంది. అందుకని ఏది ఎప్పుడు నడినెత్తి గీతకు వస్తుందో వేసుకునే లెక్కలో ఊరి సవరణ అక్కర్లేదు. ఓరియన్ నెబ్యులా ఎం42 డిసెంబరు 15 ప్రాంతంలో అర్ధరాత్రికే నడినెత్తి గీత దాటుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు ఊరి వెలుగు నీకు ఉత్తరాన పడేలా చూడు. దక్షిణం మనకు పెద్ద ఆస్తి, దాన్ని వీధిదీపాలకు ఇచ్చుకోకూడదు. కొలాబ్ జలాశయం గట్టు చూడ్డానికి బాగుంటుంది కానీ నీటి పక్కన తడి ఎక్కువ. లోయ అడుగున చల్లగాలి దిగి పొగమంచు కడుతుంది. వాలు మధ్యలో, నేల గట్టిగా ఉన్న మెట్టపొలం మేలు. ఒంటరిగా వెళ్లకు. ఊరి నాయక్‌తోనో సర్పంచితోనో ముందే చెప్పుకుని, వాళ్లలో ఒకరిని తోడు తీసుకో. ఎలుగులు తిరిగే చోట రాత్రి నిశ్శబ్దంగా కూర్చోవడం మంచిది కాదు.

ఇక మంచు. డిసెంబరులో కొరాపుట్ వైపు పదిమంది ఫొటోలు చెడిపోతే తొమ్మిదింటికి కారణం ఇదే అంటాను. లెన్సు గాజు ఆకాశానికి ఎదురుగా ఉండి తన వేడిని వదిలేస్తూ గాలి కంటే చల్లబడుతుంది, తేమ దాని మీద కడుతుంది. మొదట నక్షత్రాల చుట్టూ మెత్తని వలయం వస్తుంది, అందంగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. తర్వాతి ఫ్రేముల్లో చిన్న నక్షత్రాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. గుడ్డతో తుడవకు, తుడిచిన మరుక్షణం మళ్లీ కడుతుంది, పైగా ఫోకస్ కదులుతుంది. రాత్రి మొదలయ్యే ముందే యూఎస్‌బీ హీటర్ పట్టీ లెన్సు ముందు అంచుకు కట్టు. 6 వాట్ల పట్టీకి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు రాత్రంతా వస్తుంది. లెన్సు హుడ్ తీయకు. పని అయ్యాక కెమెరాను బయటే సంచిలో మూసి ఇంటికి తీసుకురా, ఇంటి వెచ్చదనానికి అలవాటు పడేదాకా విప్పకు.

ఫోకస్‌కు లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకు. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి, చుక్క అతి చిన్నదయ్యే చోట ఆపి, రింగుకు టేపు అంటించు. బాటినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో గీతలతో చూపే చీలికల మూత) ఉంటే మరీ మంచిది. చలి ముదిరేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి చూసుకో. లెన్సు అపర్చర్‌ను ఒక స్టాపు మూసి (ఎఫ్/2 లెన్సయితే ఎఫ్/2.8 దగ్గర) పెట్టు, పూర్తిగా తెరిస్తే మూలల్లో నక్షత్రాలకు రెక్కలు మొలుస్తాయి.

రా ఫార్మాట్ (సెన్సర్ పట్టిన అసలు ఫైలు), ఐఎస్ఓ 1600, ఒక్కో ఫ్రేము 60 సెకన్లు, తనంతట షట్టరు నొక్కే ఇంటర్వెలోమీటర్‌తో వరసగా 120. కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపెయ్, లేకపోతే సగం రాత్రి అదే తినేస్తుంది. హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే పటం) గుట్ట ఎడమ గోడను వదిలి పావు, మూడోవంతు మధ్య నిలవాలి. ప్రతి పది ఫ్రేములకు గురిని కొన్ని పిక్సెళ్లు పక్కకు జరుపు. అలా జరపకపోతే స్టాక్ చేశాక (ఫ్రేములన్నీ ఒకటిగా కలిపాక) వాలుగా చారలు కనిపిస్తాయి, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఒక రాత్రికి ఒకటే గురి. బొమ్మలోని గరగర (నాయిస్) సగానికి తగ్గాలంటే ఫ్రేములు నాలుగింతలు కావాలి. అరగంటకు ఒకటి చొప్పున ఎనిమిది తీసినవాడి దగ్గర ఎనిమిదీ మసకే. నాలుగు గంటలు ఒకదాని మీదే ఉంటే ఆండ్రోమెడా గెలాక్సీ దుమ్ముచారలు విడివిడిగా వస్తాయి. ఇంకో రాత్రి అదే గురికి మళ్లీ వెళ్లి ఫ్రేములు కలుపుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

నవంబరులో రాత్రి తొమ్మిదికి ఎం31 (అదే ఆండ్రోమెడా గెలాక్సీ) నడినెత్తికి దగ్గర్లో ఉంటుంది, అదే మొదటి గురి. మూడు డిగ్రీల పొడవు, నీ ఫ్రేము వెడల్పు తొమ్మిది డిగ్రీల పైన, హాయిగా పడుతుంది. తర్వాత కృత్తికలు. డిసెంబరులో ఎం42, దాని గుండె వెలుగు ఎక్కువై త్వరగా తెల్లగా కాలిపోతుంది కాబట్టి 5, 10 సెకన్ల ఫ్రేములు ఓ ముప్పై వేరుగా తీసి కలుపు. ఎం51 లాంటి చిన్న గెలాక్సీల జోలికి ఈ లెన్సుతో పోకు, వంద పిక్సెళ్లకు మించి రావు. మామూలు కెమెరా ఫిల్టరు 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. ఆ ఎరుపుతో వెలిగే కాలిఫోర్నియా నెబ్యులా రాలేదని దిగులుపడకు, అది నీ తప్పు కాదు. ఫిబ్రవరి మధ్యలో తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో దక్షిణాన ఒమెగా సెంటారీ 23 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. యూరప్‌లో చాలా చోట్ల నుంచి అసలు కనిపించని తారాగుచ్ఛం అది. పొగ మొదలయ్యేలోపు పట్టుకో.

ఆకాశం పని కాగానే సామాను సర్దకు. లెన్సుకు మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే సమయం, అదే చలిలో 25 డార్కులు (సెన్సర్ గరగరను తీసేయడానికి చీకటి ఫ్రేములు) తియ్యి. తెల్లారాక ఫోకస్, అపర్చర్ ముట్టుకోకుండా లెన్సు మీద తెల్ల బనియను ముడత లేకుండా బిగించి 25 ఫ్లాట్లు (సమంగా వెలిగిన తెల్ల ఫ్రేములు). అత్యంత తక్కువ ఎక్స్‌పోజర్‌తో మూత పెట్టి 50 బయాస్‌లు. ఫ్లాట్లు ఎగ్గొడితే మూలలు చీకటిగా, సెన్సర్ మీది దుమ్ము నల్లటి ఉంగరాలుగా తేలతాయి.

స్టాకింగ్‌కు సిరిల్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం, నాలుగు రకాల ఫైళ్లు నాలుగు ఫోల్డర్లలో పెడితే స్క్రిప్టే చూసుకుంటుంది. ముందు అంచులు కత్తిరించి, ఊరి వెలుగు ఛాయను తీసే బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్, ఆపైన రంగులు సరిచేసే కలర్ కాలిబ్రేషన్, చివర్లోనే స్ట్రెచ్ (మసక వివరాలు తేలేలా వెలుగు పెంచడం). ఆకాశాన్ని కాటుక నలుపు చేయకు, సన్నని నెబ్యులా దాంతోపాటే పోతుంది.

వానాకాలం నాలుగు నెలలూ లెన్సులు మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, లేకుంటే బూజు గాజులోకి దిగుతుంది.

మొదటి రాత్రివి ఒక లైట్ (ఆకాశం ఫ్రేము), ఒక డార్క్, ఒక ఫ్లాట్ రా ఫైళ్లుగానే పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు. వాట్సాప్‌లో పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, తప్పు ఎక్కడుందో చెప్పలేను.

మామయ్య