‘చూద్దాం మేడమ్’ అన్న జవాబు గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులతో మీ అత్త రాయునది.

హైదరాబాద్, మ్యూనిక్, డల్లాస్‌లలో పనిచేసే పద్నాలుగు మందికి నువ్వు మేనేజరువయ్యావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. జర్మన్లతో ఎలా మాట్లాడాలి, అమెరికన్లతో ఎలా నడుచుకోవాలి అని నీ మెయిలులో దేశాలవారీగా అడిగావు. ఇరవై ఆరేళ్లు ఈ పనే చేసి రిటైరయినదాన్ని కాబట్టి వాటికీ ఏదో ఒక జవాబు చెప్పగలను. కానీ నీకు మొదటి చిక్కు మ్యూనిక్ నుంచి రాదు. నీకు నాలుగు సీట్ల అవతల కూర్చున్న హైదరాబాద్ కుర్రవాడు నీతో చెప్పకుండా దాచుకున్న మాట నుంచి వస్తుంది.

పెళ్లిచూపులయ్యాక మగపెళ్లివారు ‘చూద్దాం, కబురు చేస్తాం’ అని లేచారంటే ఆ సంబంధం తప్పిపోయినట్టేనని మనింట్లో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ‘అలాగే’ అన్న మాటకు కూడా చాలాసార్లు ‘మీరు చెప్పింది విన్నాను’ అన్నంతవరకే అర్థం. ఆ ‘చూద్దాం’నే కాన్ఫరెన్స్ కాల్‌లో ‘వి విల్ ట్రై’ అని ఇంగ్లీషులో పలికితే, అవతలి జర్మన్ ఇంజనీరు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుని తన పనులన్నీ ఆ తేదీకి సర్దుకుంటాడు. తేదీ దాటాక మనవాళ్లు మాట తప్పారని అతను, ముందే చెప్పినా అర్థం చేసుకోలేదని మనవాళ్లు అనుకుంటారు. ఆ రెండు భాషలూ తెలిసినదానివి నువ్వే కనుక, ‘చూద్దాం’ వినిపించిన ప్రతిసారీ దాని వెనుక ఉన్నది ‘అవును’ అవునో ‘కాదు’ అవునో ఆ రోజే తేల్చుకోవడం నీ పని.

నేను దీన్ని చేతులు కాల్చుకునే నేర్చుకున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక బ్యాంకు ఖాతాల వివరాలను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని మాకు అప్పగించారు. మా టెస్టింగ్ కుర్రవాడు మూడు వారాల ముందే నా దగ్గరికి వచ్చి, జర్మన్ పేర్లలో నెత్తిన రెండు చుక్కలుండే అక్షరాలు మన టెస్ట్ డేటాలో లేవని, ‘ఒకసారి చెక్ చేసుకుంటే బాగుంటుందేమో మేడమ్’ అని అన్నాడు. శుక్రవారం డెలివరీ ఒత్తిడిలో ఉన్న నేను ఇప్పుడా ఇది చెప్పేది అని కసిరాను. అతను ‘సరే మేడమ్, చూస్తాను’ అని వెళ్లిపోయాడు. మార్పిడి జరిగిన శనివారం రాత్రి ఆ అక్షరాలున్న ఖాతాదారుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలతో నిండిపోయి, తెల్లవారేసరికి పాత సిస్టమ్‌కే తిరిగి వెళ్లవలసి వచ్చింది. మళ్లీ ఎందుకు చెప్పలేదని అడిగితే అతను తల వంచుకుని, ‘మీరు కోప్పడ్డారు కదా మేడమ్’ అన్నాడు. బ్యాంకుకు పంపిన నివేదికలో నేను కారణాన్ని ‘టెస్ట్ డేటా లోపం’ అని రాశాను. అందులో అబద్ధం లేదు, కానీ అసలు కారణమూ లేదు.

దీనికంతటికీ మన సంస్కృతే కారణమని చెప్పేవారు నీకు చాలామంది ఎదురవుతారు. ఐబీఎం ఉద్యోగుల నుంచి 1967, 1973 మధ్య సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళులను విశ్లేషించిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్, పైవాడికీ కిందివాడికీ మధ్య ఎడాన్ని మనుషులు ఎంతవరకు సహజంగా తీసుకుంటారో దేశాలవారీగా అంకెల్లో పెట్టాడు. అందులో మన దేశానికి 77, అమెరికాకు 40, జర్మనీకి 35 వచ్చాయి. అవి దేశాల సగటులు. వాటిని తీసుకెళ్లి నీ టీములోని ఒక మనిషి నుదుటికి అంటించకు. ఆయన స్వదేశమైన నెదర్లాండ్స్‌కు వచ్చినది 38. అయినా 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవి విమానాశ్రయపు పొగమంచులో, ఎదుటి విమానం రన్‌వే మీంచి తొలగిందా లేదా అని డచ్ విమానపు ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చగా, సంస్థలోకెల్లా పేరున్న ఆ కెప్టెన్ తొలగిందని గట్టిగా అన్నాడు. ఇంజనీరు మరి రెట్టించలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుట పెద్దవాడుంటే గొంతు పెగలకపోవడానికి తెలుగువాడే కానక్కరలేదు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన కార్ల కర్మాగారాన్ని 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచినప్పుడు, పనిలోకి తీసుకున్నవారిలో ఎక్కువమంది పాత కార్మికులే. పూర్వం ఏం జరిగినా లైను ఆగకూడదన్నది అక్కడి నియమం. కొత్త పద్ధతిలో లోపం కనబడితే లైను ఆపే తాడు లాగమని ప్రతి కార్మికుడికీ చెప్పారు. తాడు లాగినవాడిని నిలదీయకుండా, టీమ్ లీడరు పరుగున వచ్చి ‘ఏం కావాలి’ అని అడిగేవాడు. అంతకుముందు గైర్హాజరుకూ నాసిరకానికీ పేరుపడిన ఆ మనుషులే మంచి కార్లు తయారుచేశారు. నీ టీముకూ అటువంటి తాడు ఒకటి కావాలి.

అందుకు ‘ఏమైనా సమస్యలున్నాయా’ అని అడగడం మానెయ్యి; దానికి ‘ఏమీ లేవు మేడమ్’ అన్నదొక్కటే జవాబు. ‘ఇది శుక్రవారానికి పూర్తి కాలేదనుకో, దేనివల్ల ఆగి ఉంటుంది’ అని అడుగు. అప్పుడు ఎదుటివాడు నిన్ను కాదనకుండానే నిజం చెప్పగలుగుతాడు. అందరికన్నా జూనియర్‌ను ముందు మాట్లాడనిచ్చి, నీ అభిప్రాయాన్ని చివర చెప్పు. క్లయింటు వింటుండగా కుర్రవాళ్లను తేదీలు అడగకు. మొదటిసారి ఎవరైనా చెడు వార్త తెచ్చినప్పుడు నీ ముఖం ఎలా ఉందో మిగతా పదముగ్గురికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. ఆ ఒక్క రోజు నిన్ను నువ్వు అదుపులో పెట్టుకో.

ఇక నువ్వడిగిన విషయాలు. జర్మనీలో ఒక రోజు పని ముగించినప్పటి నుంచి మర్నాడు మొదలుపెట్టేవరకు పదకొండు గంటల విరామం చట్టప్రకారం ఉండాలి కనుక, మ్యూనిక్ వాళ్లను రాత్రిపూట కాల్‌లోకి లాగకు. వాళ్లు ‘ఇది తప్పు’ అని మొహం మీదే అంటే అది పని గురించే అనుకో. సాయంత్రం ఏడుకు కాల్ పెడితే వేసవిలో మ్యూనిక్‌లో మూడున్నర, డల్లాస్‌లో ఉదయం ఎనిమిదిన్నర అవుతుంది. మార్చిలో అమెరికా గడియారాలు జర్మనీ కంటే రెండు మూడు వారాల ముందే మారతాయి. ఆ రోజుల్లో ఎవరో ఒకరు గంట ఆలస్యంగా వచ్చి క్షమాపణ చెబుతారు, పట్టించుకోకు.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. టీములో ఒరియా అమ్మాయి ఒకతె ఉందన్నావు. ఆమె ఉన్న గదిలో పని మాటలు తెలుగులో మాట్లాడనివ్వకు. కొత్తగా చేరినవాడి ఇంటిపేరు ఆరా తీసే అలవాటు మీ ఆఫీసులో ఎవరికైనా ఉంటే నవ్వి ఊరుకోకుండా అక్కడికక్కడే ఆపు. ఎవరు ‘మనవాళ్లో’ లెక్క కట్టే చోట మిగతావాళ్లు నీకు ఏ నిజమూ చెప్పరు.

సంక్రాంతికి వస్తావు కదా, ఫ్రాంక్‌ఫర్ట్ పని నాటి నా పాత నోటుపుస్తకం అటక మీది నుంచి దింపి ఉంచుతాను. ఆ కుర్రవాడు నాతో అన్న మాటను తేదీతో సహా అందులో రాసుకున్నాను. అప్పట్లో దాని పక్కన ‘తర్వాత చూడాలి’ అని రాసుకున్నది కూడా నేనే.

ఆశీస్సులతో,
మీ అత్త