డబ్బు అడగలేదు కదా, అయినా ఆ లాటరీ మెయిల్ మోసమేనా?

మోసమేనండి. లండన్ లాటరీలో 5 లక్షల పౌండ్లు తగిలాయని మీ నాన్నగారికి మెయిల్ వచ్చింది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు పంపమన్నారే గానీ పైసా అడగలేదు, అందుకే నిజమేమో అంటున్నారు మీరు. మొదటి మెయిల్‌లో ఎవరూ అడగరు. అడిగితే మీరు అక్కడే ఆగిపోతారని వాళ్లకు తెలుసు.

నాది రాజాంలో నెట్, జిరాక్స్ సెంటర్. ఇలాంటి మెయిళ్లు ప్రింట్ తీయించుకోడానికి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. "ఏటి బాబూ, డబ్బులు అడగనేదు కదా, మరి మోసమెలాగవుద్ది?" అని వాళ్లూ ఇదే అంటారు. వివరాలు పంపాక ఫోన్ వస్తుంది, మర్యాదగా మాట్లాడతారు. సీళ్లు, సంతకాలతో సర్టిఫికెట్ వస్తుంది. అప్పుడు ప్రాసెసింగ్ ఫీజు అంటారు, అదీ కాస్త చిన్న మొత్తమే. అది కడితే కస్టమ్స్, తర్వాత పన్ను, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ క్లియరెన్స్. ఇప్పుడు ఆపేస్తే ఇంతవరకూ కట్టింది పోతుందన్న భయమే తర్వాతది కట్టిస్తుంది.

ఇక్కడి జూట్ మిల్లులో చేసి రిటైరైన ఒకాయన పీఎఫ్ డబ్బులోంచి ఇలాగే కట్టుకుంటూ పోయారు. ఫీజు కట్టమన్న ఖాతా వివరాలు చూస్తే, ఏ లాటరీ సంస్థదీ కాదు, వేరే రాష్ట్రంలో ఎవరో ఒక వ్యక్తి పేరున ఉన్న సేవింగ్స్ ఖాతా. "ఇంట్లో అబ్బాయికి చెప్పారా?" అని అడిగితే తల అడ్డంగా ఊపారు. డబ్బు చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని మెయిల్‌లోనే రాశారట. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద గుర్తు అదే. ఇంట్లో ఒక్కరికి తెలిసినా ఈ ఆట సాగదు.

ఇంగ్లీషులో తప్పులుంటే ఫేక్ అని చాలామంది చెబుతారు. ఆ సలహాకు కాలం చెల్లింది, ఇప్పటి మెయిళ్లలో చాలావాటిలో ఒక్క తప్పూ దొరకదు. దానికి బదులు, జీమెయిల్‌లో పంపినవాళ్ల పేరు కింద ఉండే బాణం గుర్తు నొక్కి చూడండి. పేరు పెద్ద సంస్థది ఉంటుంది, అడ్రస్ మామూలు జీమెయిల్‌ది ఉంటుంది. చాలాసార్లు జవాబు వెళ్లే అడ్రస్ ఇంకోటి ఉంటుంది. 'టు' దగ్గర మీ నాన్నగారి మెయిల్ ఐడీ కూడా ఉండకపోవచ్చు, అంటే ఒకే ఉత్తరం వేలమందికి వెళ్లిందన్నమాట.

అసలు నాన్నగారు టికెట్ కొన్నారా? మన ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ అమ్మకమే లేదు. కేరళ ప్రభుత్వం నడిపే లాటరీకైనా కాగితం టికెట్ ఉండాలి, గెలిస్తే ఆ టికెట్టే ఇవ్వాలి. మెయిల్ ఐడీలను లాటరీ తీసి ఎవరూ కోట్లు ఇవ్వరు. పన్ను సంగతి కూడా అంతే. మన దేశంలో లాటరీ బహుమతి మీద 30 శాతం పన్నుంది, పెద్ద బహుమతైతే ఇచ్చేవాళ్లే అందులోంచి కోసుకుని మిగతాది ఇస్తారు. ముందు మీరు కట్టండి అనరు. విదేశీ లాటరీల కోసం ఇక్కడినుంచి డబ్బు పంపడం ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం నిషేధం కూడా. ఇక రిజర్వ్ బ్యాంక్ పేరుతో వచ్చే లెటర్ల మాట. ఆ బ్యాంకు మనలాంటి వ్యక్తులకు డబ్బు వేసుకునే ఖాతాలు తెరవదు.

నాన్నగారు ఇంకా జవాబివ్వకపోతే స్పామ్ అని నొక్కి వదిలేయండి, తిట్టడానికైనా రిప్లై ఇవ్వొద్దు. ఇస్తే ఆ ఐడీ వాడకంలో ఉందని తెలిసిపోతుంది. ఖాతా నంబరు, ఆధార్ ఇప్పటికే పంపేసి ఉంటే టెన్షన్ పడకుండా బ్యాంకుకు వెళ్లి చెప్పండి. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పొద్దనండి. డబ్బు కట్టేసి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉండగానే ఆపించే వీలుంటుంది. సిగ్గుపడి మెయిళ్లు, రశీదులు డిలీట్ చేయకండి, ఫిర్యాదుకు అవే కావాలి. కొన్నాళ్లకు "సైబర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, పోయిన డబ్బు ఇప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్లు కూడా ఆ ముఠావాళ్లే అయ్యుంటారు.