చేపల చెరువు ఇంట్లో పర్యావరణ చదువా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర ఊరు. చేపల చెరువు చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. ఫార్మసీలో చేరమని వాళ్లమ్మ అంటుంటే, తను మాత్రం పర్యావరణం చదివి కొల్లేటిని బాగుచేస్తానంటోంది. ఆ చదువుకు ఉద్యోగాలున్నాయా? చెరువుల మీద బతికే ఇంట్లో ఈ చదువేమిటని బంధువులు నవ్వుతున్నారు. రేపు నా గట్టు కొట్టించడానికి నా కూతురే వస్తుందేమోనని నాకూ లోలోపల ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఏలూరు జిల్లా

జవాబు: బంధువుల నవ్వు సంగతి ముందు తేల్చేద్దాం. మబ్బు పట్టిన రోజు గడిచాక, తెల్లవారుజామున మీరు టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి ఎందుకు వెళతారు? చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో చూడటానికే కదా. పగలు ఎండకు నీటిలోని పచ్చటి నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ నాచూ, చేపలూ, అడుగున కుళ్లే మేతా కలిసి దాన్ని ఖర్చు పెడతాయి. మబ్బు రోజున తయారైనదే తక్కువ కాబట్టి తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది. మీరు నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు, మేత ఆపుతారు. విశ్వవిద్యాలయంలో దీన్నే జలావరణ శాస్త్రం అంటారు. పట్నం పిల్లలు పుస్తకంలో చదివి కంఠస్థం చేసే పాఠాన్ని మీ అమ్మాయి నిద్రకళ్లతో గట్టు మీద నిలబడి చూసింది. ఈ చదువుకు ఆమె పరాయిది కాదు.

కొల్లేరు కూడా అలాంటి చెరువే. కాకపోతే ఏరేటరు తిప్పే ఆసామి లేడు. బుడమేరు, తమ్మిలేరు వరదను తెస్తాయి. వాటితోపాటు పట్టణాల మురుగు, పొలాల ఎరువు, చెరువుల నుంచి వదిలిన నీరు అన్నీ అక్కడికే చేరతాయి. ఆ బలంతో గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. నీరు బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. గట్లు అడ్డం పడితే వానాకాలంలో వరద లంక గ్రామాల మీదికి తంతుంది. వేసవిలో సరస్సు తగ్గితే అదే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగబాకుతుంది. అప్పుడు నష్టపోయేది గూడబాతులు (పెలికాన్ పక్షులు) మాత్రమే కాదు, మీరూ నష్టపోతారు.

1999లో కొల్లేటిని ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పేల్చిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఎందుకు? గట్టు కొట్టడానికి యంత్రం చాలు. ఆ మర్నాడు ఆ కుటుంబం దేనిమీద బతకాలి, సరస్సుకు ఎంత నీరు ఉంచాలి, ఎక్కడ చెరువు ఉండొచ్చు, ఎక్కడ కూడదు అన్నవి తేల్చడానికి మనుషులు కావాలి. పక్షినీ రైతునూ రెండింటినీ తెలిసినవాళ్లు కావాలి. వాళ్లు చాలా తక్కువ. మీ భయానికి నా సమాధానం ఇదే: గట్టు కొట్టించడానికి ఈ చదువు అక్కర్లేదు, కొట్టే అవసరం రాకుండా చూడటానికే కావాలి.

ఇక కోర్సులు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పేరులో ‘పర్యావరణం’ ఉందని ఏదో ఒక డిగ్రీలో చేర్పించేస్తారు. డిగ్రీ స్థాయిలో పేరు కంటే పునాది ముఖ్యం. మీ అమ్మాయి విషయంలో నా మొదటి ఓటు బీఎఫ్‌ఎస్సీకి, అంటే నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీకి. ఏపీ ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు వస్తుంది. నెల్లూరు దగ్గరి ముత్తుకూరు మత్స్య కళాశాల దీనికి పాతకాపు. నీటి నాణ్యత, చేపల జబ్బులు, జలావరణం అన్నీ చదువుతుంది. మత్స్యశాఖ ఉద్యోగాలకు ఇది పనికొచ్చే అర్హత. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థలో పీజీకీ దారి ఉంది. ఏదీ కుదరకపోయినా మీ చెరువుకు చదువుకున్న మనిషి దొరుకుతుంది, అదేమీ చిన్న లాభం కాదు.

ఒక్క మెలిక చెప్పాలి. ఆమె మనసులో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంటే ఈ దారి సరిపడదు. యూపీఎస్సీ అడిగే సబ్జెక్టుల జాబితాలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, వ్యవసాయం, అటవీశాస్త్రం వంటివి ఉన్నాయి. మత్స్యశాస్త్రం, పర్యావరణ శాస్త్రం పేర్లు అందులో లేవు. డిగ్రీ పూర్తయ్యాక ఈ సంగతి తెలిసి నా ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలున్నారు. ఆ కల ఉంటే జంతుశాస్త్రం ప్రధానంగా బీఎస్సీ మేలు. తర్వాత డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలోనో, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణి శాస్త్రంలో పీజీకి పోటీ పడవచ్చు. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిది.

ప్రైవేటు రంగంలోనూ పని ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నిబంధన కిందికి వచ్చే గనులైనా, పెద్ద పరిశ్రమలైనా ముందు అనుమతి తీసుకోవాలి. ఆ నివేదికలు రాసే సంస్థలకు జీవవైవిధ్య నిపుణులు అవసరం. అయితే అక్కడ మొదటి రెండు మూడేళ్ల జీతం చూసి మీ బంధువులు మళ్లీ నవ్వవచ్చు. దాచను. డబ్బే ముఖ్యమైతే, త్వరగా స్థిరపడటమే కావాలంటే, వాళ్లమ్మ చెప్పిన ఫార్మసీ తప్పు సలహా కాదు.

ఏ దారి పట్టినా ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకోమనండి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్‌ల చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి, అవీ ఉచితమే. కొల్లేరు పాత చిత్రం పక్కన కొత్తది పెట్టి చూస్తే, నీరు ఎక్కడ చదరపు గళ్లుగా మారిందో తెలుస్తుంది. ఆ గళ్లలో ఒకటి మీదే కావచ్చు. ఆమె దాన్ని చూసి మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంది, కోప్పడకండి.

పరీక్షలు అయ్యాక ఒక పని చేయండి. ఆక్సిజన్ కొలిచే కిట్ ఆమె చేతికిచ్చి నెల రోజులు తెల్లవారుజామున, మధ్యాహ్నం మీ చెరువు లెక్క రాయమనండి. ఒక ఆదివారం ఇద్దరూ కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి, ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను చూసి రండి. నెల తర్వాత పుస్తకంలో ఎన్ని పేజీలు నిండాయో చూసి నాకు మళ్లీ రాయండి. నిండితే ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల వరుస ఎలా పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.