నెఫ్రాలజీ ఫెలోషిప్‌కి వెబ్‌సైట్లు చూసి ప్రోగ్రామ్‌లు ఎంచుకుంటే సరిపోతుందా?

మీరు అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ రెండో ఏడాదిలో ఉన్నానని, ప్రోగ్రామ్‌ల వెబ్‌సైట్లు చూసి రెసిడెన్సీ తర్వాత చేసే నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) ఫెలోషిప్‌కి లిస్ట్ తయారు చేసుకుంటున్నానని రాశారు. అవి ఒక్కటే నమ్ముకోకండి. నేను నమ్మి నష్టపోయాను.

నా రెసిడెన్సీ హెచ్-1బీ వర్క్ వీసా మీద. మావారి ఉద్యోగం ఉన్న ఊళ్లోనే ఒక ప్రోగ్రామ్ ఉంది, వాళ్ల సైట్‌లో జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా), హెచ్-1బీ రెండూ ఇస్తామని రాసి ఉంది. ఇంటర్వ్యూ కూడా బాగా జరిగింది. నవంబర్‌లో ర్యాంక్ లిస్ట్ (ప్రోగ్రామ్‌లని మన ఇష్టం ప్రకారం వరుసలో పెట్టే జాబితా) పెట్టే ముందు, ఎందుకైనా మంచిదని కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టాను. హెచ్-1బీ ఇవ్వడం మానేశామని, సైట్‌లో మార్చలేదని జవాబొచ్చింది. జే-1కి మారితే ఫెలోషిప్ అయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి, లేదంటే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇప్పించే వేవర్ ఉద్యోగం వెతుక్కోవాలి. అందుకు మేం సిద్ధంగా లేం. ఆ ప్రోగ్రామ్ వదులుకున్నాను. ఫెలోషిప్ రెండేళ్లూ ఆయన ఒక ఊళ్లో, నేను ఒక ఊళ్లో. ఆ ఒక్క పాత వాక్యం తీసేయడానికి వాళ్లకి ఐదు నిమిషాలు పట్టేది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే జూలైలో అప్లై చేయకముందే ప్రతి కోఆర్డినేటర్‌కీ మెయిల్ పెట్టండి. 'ఈ ఏడాది హెచ్-1బీ ఇస్తున్నారా?' అని సూటిగా అడగండి. ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్) వారి ఫ్రీడా అనే ప్రోగ్రామ్‌ల డేటాబేస్‌లోనూ వీసా వివరాలుంటాయి కానీ, అవీ ప్రోగ్రామ్‌ల వాళ్లు ఇచ్చినవే. కార్డియాలజీకి వెళ్లే స్నేహితులుంటే వాళ్లకీ చెప్పండి: మూడేళ్ల రెసిడెన్సీ, మూడేళ్ల ఫెలోషిప్‌తో హెచ్-1బీకి ఉన్న గరిష్ఠ పరిమితి ఆరేళ్లూ అయిపోతాయి. మనకి రెండేళ్లే కాబట్టి ఒక ఏడాది మిగులుతుంది.

జీతం, సెలవులు, కావలసిన రికమెండేషన్ లెటర్లు సైట్లలో బాగానే ఉంటాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇప్పుడున్న ఫెలోల పేజీ. వాళ్లలో మన దేశపు మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు ఉంటే, బయట చదివినవాళ్లని నిజంగా తీసుకుంటున్నారని అర్థం. పాత ఫెలోలు ఎక్కడ చేరారో రాస్తే ఇంకా మంచిది.

పని ఎలా ఉంటుందో మాత్రం ఆ పేజీల్లో దొరకదు. కిడ్నీ బయాప్సీలు ఫెలోలు చేస్తారా, రేడియాలజీకి పంపేస్తారా? ఇంట్లో పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి ద్రవం పంపి చేసే డయాలసిస్) చేసుకునే పేషెంట్లని చూసే క్లినిక్ ఉందా? కాల్‌లో (పిలిస్తే వెళ్లాల్సిన డ్యూటీలో) ఉన్నప్పుడు ఎన్ని హాస్పిటళ్లు చూడాలి, అర్ధరాత్రి అర్జెంట్ డయాలసిస్ వస్తే ఇంటి నుంచి వెళ్లాలా? ఇవన్నీ ఇంటర్వ్యూ రోజు ఫెలోలతో విడిగా మాట్లాడే సమయంలో అడగండి, అప్పుడు ఫ్యాకల్టీ ఉండరు. నేను అడిగిన ప్రతిచోటా దాచకుండా చెప్పారు.