సమాధానం: మేనేజర్ రాసిన సిఫారసు లేఖ పొగడ్తలతోనే నిండిపోయినప్పుడు

ఎంబీఏ దరఖాస్తు కోసం మీ మేనేజర్ రాసిన సిఫారసు లేఖ ముసాయిదాలో "కష్టపడే తత్వం, నిజాయితీ, అంకితభావం" తప్ప మరేమీ లేదని, ఏం చేయాలని అడిగారు. మీ మేనేజర్‌కు మీపై మంచి అభిప్రాయం ఉన్నా, దానికి ఆధారమైన సంఘటనలు గుర్తులేకపోవడమే బహుశా కారణం.

1. మీరిద్దరూ కలిసి చేసిన మూడు నాలుగు పనులు, వాటిలో మీ పాత్ర, ఫలితం ఒక పేజీలో రాసివ్వండి. "బృందాన్ని నడిపాను" అని కాకుండా, "ఇద్దరు మధ్యలో మానేసినా పనిని మళ్లీ పంచి, గడువుకు రెండు రోజుల ముందే అప్పగించాను" అన్నంత వివరంగా ఉండాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే. అనేక బిజినెస్ స్కూళ్లు స్వీకరించే జీమ్యాక్ (జీమ్యాట్ ప్రవేశ పరీక్ష నిర్వహించే సంస్థ) ఉమ్మడి సిఫారసు పత్రంలో, తోటివారితో పోలికతో పాటు, మెరుగుపడేందుకు మేనేజర్ మీకిచ్చిన అతి ముఖ్యమైన సూచన ఏమిటి, దానికి మీరెలా స్పందించారు అని కూడా అడుగుతారు. మొహమాటపడి "అతిగా శ్రమిస్తారు" అని దాటవేస్తే లేఖ తేలిపోతుంది. మేనేజర్ ఎప్పుడు ఏ లోపం ఎత్తిచూపారో, ఆ తర్వాత మీరేం మార్చుకున్నారో గుర్తుచేసి, అది రాయడానికి మీకు అభ్యంతరం లేదని స్పష్టంగా చెప్పండి. ఈ అనుమతి లేకనే చాలామంది మేనేజర్లు వెనకాడతారు.

3. "నువ్వే రాసివ్వు, సంతకం పెడతాను" అంటే ఒప్పుకోకండి. అది చాలా స్కూళ్ల నిబంధనలకు విరుద్ధం, పైగా దరఖాస్తులో మీరు రాసే వ్యాసాల శైలి లేఖలోనూ ఇట్టే కనిపిస్తుంది.