తాపీ పనిలో కొత్తగా చేరేవాళ్లు ముందు ఏం నేర్చుకోవాలి?

అమలాపురం, రాజోలు వైపు మేస్త్రీ దగ్గర చేరితే మొదట చేతికొచ్చేది తాపీ కాదు, మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) కలిపే పార. దాన్ని తక్కువగా చూడకండి, గోడ బలం మాలులోనే ఉంది. తొమ్మిదంగుళాల గోడకి సిమెంటు 1 పాలు, ఇసుక 6 పాళ్లు. నాలుగున్నర అంగుళాల గోడకి 1కి 4. పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా కలిపాకే నీళ్లు పోయాలి. తడిపిన మాలు అరగంటలో వాడేయాలి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు కొట్టి కలిపితే పట్టు పోతుంది.

ఇటుకల్ని బుడగలు ఆగేదాకా నానబెట్టండి. పొడి ఇటుక మాలులో తడి పీల్చేస్తుంది, మర్నాడు చేత్తో లాగితే ఊడొస్తుంది.

ముందు రెండు మూలలు తూకం గుండుతో (దారానికి వేలాడదీసే బరువు) నిలువు చూసుకుని కట్టి, మధ్యలో దారం లాగాలి. మాలు 10 మిల్లీమీటర్ల మందం పరిచి, ఇటుక పక్కకీ మాలు రాసి, ఇటుక మీదున్న గుంట పైకి ఉండేలా పెట్టి, తాపీ పిడితో తట్టి దారం మట్టానికి తేవాలి. ఇటుక దారాన్ని తాకకూడదు, వెంట్రుకవాసి సందు ఉండాలి. ఒక్కటి తాకినా దారం బయటికి జరిగి వరసంతా వంకరపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నిలువు అతుకు మీద అతుకు పడనీయకండి, పగులు అక్కడే మొదలవుతుంది. రోజుకు మీటరు ఎత్తు చాలు, తర్వాత వారం రోజులు తడపాలి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో బోరు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే మాలుకి వాడొద్దు, గోడకి ఉప్పు పూసి ప్లాస్టరింగ్ రాలిపోతుంది. కాలవ నీళ్లు తెప్పించుకోండి.